కండరం ఖర్చును లెక్కగట్టిన సుబ్బారావు గారు

పై తరగతుల బయాలజీ పుస్తకాల్లో మన పిల్లలకు ‘ఏటీపీ’ అనే పేరు తరచూ కనిపిస్తుంది. కణానికి పని చేసే శక్తినిచ్చే ఆ పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారే.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. చిన్నతనంలో కాశీలో అరటిపండ్లు అమ్ముకుందామని ఇల్లు వదిలితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేశారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టడం ఒక ప్రొఫెసర్‌కు నచ్చలేదు. దాంతో ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. నమూనాకు రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ.

కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనని అప్పట్లో పెద్ద శాస్త్రవేత్తల నమ్మకం. సుబ్బారావు గారి కొలతలు వేరే కథ చెప్పాయి. ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం కండరం పని చేస్తే తగ్గుతోంది, విశ్రాంతిలో మళ్లీ పెరుగుతోంది. ఇది 1927 నాటి మాట. 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్నే కనుగొన్నారు. నోబెల్ గ్రహీత ఏ.వి. హిల్ సైతం తన పాత అభిప్రాయం మార్చుకున్నారు. బరువు పెరిగేకొద్దీ కండరం ఎంత నెమ్మదిగా ముడుచుకుంటుందో 1938లో ఒక సమీకరణంగా రాసింది ఆ హిల్ గారే.

ఈ రెండు దారులూ నేడు గుండె దగ్గర కలుస్తాయి. రక్తం ఎక్కువగా వచ్చి చేరితే గుండె కణం సాగుతుంది, మరింత బలంగా ముడుచుకుంటుంది. రక్తపోటు పెరిగితే ఎక్కువ ఒత్తిడికి ఎదురు నెట్టాలి. కణంలోని మయోసిన్ ప్రోటీన్ తల పట్టుకుని లాగి వదిలే ప్రతిసారీ ఒక ఏటీపీ ఖర్చవుతుంది. భారం మారితే ఎన్ని తలలు పట్టుకుంటాయి, ఎంతసేపు ఉంటాయి, ఖర్చెంత? గణిత నమూనాలు కంప్యూటర్‌లో వేసే లెక్క ఇదే. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు ఉంటే గుండె గోడ ఎందుకు మందమవుతుందో అర్థం చేసుకోవడానికి ఇలాంటి లెక్కలు తోడ్పడతాయి.

హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కక, సుబ్బారావు గారు 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్ వంటివి ఆయన నడిపిన పరిశోధనల ఫలితాలే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53.

ఈ నెల ఇంట్లో చేయదగ్గ పని ఒకటి. కూర్చున్నప్పుడు నాడి ఎంతో, అపార్ట్‌మెంట్ మెట్లు రెండంతస్తులు ఎక్కాక ఎంతో మీ పిల్లలతో లెక్కపెట్టించండి. వారం రోజులు అలా రాసి గ్రాఫ్ గీయించండి. మీ నాడి కూడా పక్కనే గీయండి. మార్కులు తగ్గిన నెలలోనైనా సరే, ఆ గ్రాఫ్‌ను ఫ్రిజ్ మీద అంటించండి. మూడోసారి పాసైన కుర్రాడు నమ్ముకున్నది కొలతనే.