విచారణ లేని చెఱ: పట్టాభిగారి జీవితము నేర్పు పాఠము

కృష్ణానది సముద్రమున గలియు హంసలదీవికి చేరువనున్న పాలకాయతిప్పలో నేడు తీరరక్షణకై యొక పోలీసు ఠాణా కలదు. 2008 నవంబరు 26వ తేదీని పదుగురు సాయుధులు సముద్రమార్గమున బొంబాయి చేరి 166 మందిని బలిగొన్న పిమ్మట, తీరమున కావలి యెందుకని అడుగువారు లేరు. మేమును అడుగము. కాని అనుమానముపై పట్టి తెచ్చిన మనుష్యుని ఏమి చేయవలెను? న్యాయాధిపతి తీర్పు లేకుండ ఎంతకాలము చెఱయందుంచవచ్చును? ఈ ప్రశ్న నిన్న నేడు పుట్టినది కాదు. ఈ తీరమునందే, బందరు పట్టణమున జీవించిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు దీనిని స్వయముగ ననుభవించిరి.

పట్టాభిగారు 1880 నవంబరు 24వ తేదీని గుండుగొలను గ్రామమున జన్మించిరి. చెన్నపట్టణమున వైద్యవిద్య ముగించి బందరున వైద్యవృత్తి నవలంబించిరి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో గలసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. వృత్తి బాగుగ సాగుచున్న దినములలోనే దానిని విడిచి దేశసేవకు పూనుకొనిరి. 1919లో జన్మభూమి యను ఆంగ్లవారపత్రికను, 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. వడ్డీవ్యాపారి గడపను తప్ప మఱియొక గడప నెఱుగని రైతునకు బ్యాంకి గడపను చూపినవారిలో వారు ముఖ్యులు. ఇట్టి నిర్మాణకుశలుని, లెక్కల మనిషిని, ఎవ్వరును విధ్వంసకుడని తలపరు.

1930లో వారు బందరు తీరమున ఉప్పుచట్టము నుల్లంఘించి కారాగారమునకు పోయిరి. ఆనాడు నేరమేదో చెప్పిరి, శిక్ష విధించిరి, శిక్షకు గడువుండెను. పరాయి ప్రభుత్వమే యైనను చట్టపురూపమైన నిలిపినది. 1942 ఆగస్టు 9వ తేదీని బొంబాయిలో కాంగ్రెసు కార్యవర్గమును నిర్బంధించినప్పుడు ఆ రూపమును పోయినది. పట్టాభిగారితో గూడ పన్నిద్దరిని అహమ్మదునగరు కోటకు చేర్చిరి. వారి నుంచిన తావును మొదట రహస్యముగ నుంచిరి. కొంతకాలము వార్తాపత్రికలు గాని ఇంటి ఉత్తరములు గాని అందనీయలేదు. ఆరోపణపత్రము లేదు, న్యాయస్థానము లేదు, గడువు లేదు. అప్పటికి పట్టాభిగారి వయస్సు అరువదియొక్క సంవత్సరములు.

ప్రభుత్వము ఆరోపణ మాత్రము మానలేదు. 1943 ఫిబ్రవరిలో, దేశమున జరిగిన దౌర్జన్యములకు కాంగ్రెసే బాధ్యురాలని యొక గ్రంథమునే ప్రకటించినది. అందు ఆంధ్ర కాంగ్రెసు సంఘమువారి రహస్య పత్రమును, దానియందు తంతితీగల ఛేదనమువంటి కార్యక్రమముండుటను ముఖ్యసాక్ష్యముగ జూపినది. ఆ పత్రము వెలువడిన మాట నిజమే. దాని కెవరి యనుమతి కలదు? ఎవరు దాని నాచరించిరి? కోటలోనున్న పెద్దలకు దానితో సంబంధమెంత? ఇవి న్యాయస్థానమున తేలవలసిన విషయములు. గాంధిమహాత్ముడు ఆగాఖాను సౌధపు నిర్బంధమునుండియే ఆ ఆరోపణలకు విపులముగ సమాధానము వ్రాసి, నిష్పక్షపాతమైన సభచే విచారణ జరిపింపుడని కోరెను. ప్రభుత్వము సమ్మతింపలేదు. ఆ సౌధముననే మహాదేవదేశాయిగారు 1942లోను, కస్తూరిబా 1944లోను విచారణ నెఱుగకయే కన్నుమూసిరి.

చట్టము సంగతి చూతము. 1943 ఏప్రిల్ 22వ తేదీని ఫెడరలు కోర్టు, తాల్పడే గారి వ్యాజ్యమున, నిర్బంధమునకాధారమైన 26వ నిబంధన చెల్లదని తీర్పు చెప్పెను. మూలచట్టము సహేతుకమైన అనుమానమును కోరగా, నిబంధన ప్రభుత్వపు తృప్తితోనే సరిపెట్టుకొన్నదని న్యాయాధిపతుల యభిప్రాయము. వారము తిరుగకముందే గవర్నరు జనరలు ఆర్డినెన్సొకటి జారీచేసి చెల్లని దానిని చెల్లించెను. నిర్బంధకారణములు తెలుపవలెనను నియమము 1944 జనవరి ఆర్డినెన్సుతో గాని రాలేదు. 1945 జూన్‌లో కార్యవర్గము విడుదలయగునాటికి పట్టాభిగారికి అరువదినాలుగేండ్లు. కారాగారమున వ్రాసికొన్న దినచర్య ఫెదర్స్ అండ్ స్టోన్స్ అను పేర గ్రంథమైనది. ఆరోపణ మాత్రము ఋజువునుగాలేదు, కొట్టివేయబడనులేదు. పరిశీలింపని సాక్ష్యము నేటికిని ఎవరి యిష్టమువచ్చినట్లు వారు చదువుకొనుటకే మిగిలినది.

ఇక మన పక్షమునకు కష్టమైన మాట నొకటి చెప్పవలసియున్నది. 1948లో పట్టాభిగారు జయపుర కాంగ్రెసునకు అధ్యక్షులైరి. ఆ దినములలోనే, మన కృష్ణాజిల్లాలోను ఇతర జిల్లాలలోను, మదరాసు శాంతిరక్షణ చట్టము క్రింద కమ్యూనిస్టులు విచారణ లేకుండ చెఱపాలైరి. పట్టాభిగారు సభ్యులుగనున్న రాజ్యాంగసభయే 1949 సెప్టెంబరులో నివారణ నిర్బంధమునకు చోటిచ్చు అధికరణము నంగీకరించినది. 1950 ఫిబ్రవరిలో నివారణ నిర్బంధ చట్టము వచ్చినది. ఆ మే నెలలో గోపాలన్ గారి వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఒక్క సెక్షను తప్ప తక్కిన చట్టమును నిలిపినది. ఆనాడు దేశమున భయకారణములు లేవని మేమనము. కాని చెఱనుండి వచ్చినవారు తాళపుచెవి చేతికందగానే చెఱను మఱచుట మానవస్వభావము. ఆ స్వభావమును కట్టడిచేయుటకే చట్టము కావలెను.

నేటి పరిస్థితి వేఱురూపమున నున్నది. 2008 డిశంబరులో సవరింపబడిన చట్టవిరుద్ధ కార్యకలాపముల నిరోధక చట్టము ప్రకారము, అభియోగపత్రము దాఖలు చేయుటకు 180 దినములవరకు గడువు పొందవచ్చును. జామీను మిక్కిలి దుర్లభము. విచారణ యేండ్లకొలది సాగినచో చట్టమున విచారణ యున్నను నిందితునకు లేనట్లే. 2021లో నజీబు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, విచారణ త్వరలో ముగియు నాశ లేనప్పుడు ఈ చట్టము క్రిందివారికైనను జామీను నీయవచ్చునని చెప్పుట కొంత ఊరట.

సాక్షులు భయపడుదురు, రహస్యములు బయటపడును అందురు. సాక్షుల పేర్లు గోప్యముగ నుంచుటకు, తలుపులు మూసి విచారించుటకు చట్టమున వీలున్నది. బొంబాయిలో ప్రాణములతో పట్టుబడిన అజ్మల్ కసబునకే న్యాయవాదిని ఏర్పఱచి, సాక్ష్యము విచారించి, సుప్రీముకోర్టు వఱకు అవకాశమిచ్చి, 2012లో మరణశిక్ష నమలుజరిపిరి. అందువలన దేశము బలహీనపడలేదు. నేరము లోకమెదుట ఋజువైనది. అమెరికావారు 2002లో గ్వాంటనామోలో తెఱచిన చెఱయందు కొందఱు ఇరువది యేండ్లకు మించి విచారణ లేకుండ మ్రగ్గిరి; అచ్చట నేరమును తేలలేదు, నిర్దోషిత్వమును తేలలేదు.

మన రైతుసోదరుల నొక్కమాట అడుగుదుము. గట్టు జరిపి సెంటు భూమి కలుపుకొన్నాడని పొరుగువానిపై దావా వేసినచో, మునసబు కోర్టులో దస్తావేజులు చూతురు, సాక్షులను పిలుతురు, ప్రతివాది మాట విందురు. సెంటు భూమికున్న ఈ మర్యాద మనుష్యుని జీవితమునకు వలదా? నిందితుడు దోషియైనచో త్వరగా శిక్షింపుడు. కాడా, త్వరగా విడువుడు.

పట్టాభిగారు 1959 డిశంబరు 17వ తేదీని దివంగతులైరి. వారు పెట్టిన బ్యాంకు 2020లో మఱియొక బ్యాంకిలో కలిసిపోయినది. అహమ్మదునగరు కోటలో పోయిన వారి మూడేండ్లకు లెక్క చెప్పినవారు లేరు. అట్టి లెక్కలేని ఏండ్లు ఇంకెవ్వరి జీవితమునను చేరకుండ చూచుటయే వారిని స్మరించుకొనుట.