పిచ్చికుక్క విషాన్ని మచ్చిక చేసిన మనిషి

ప్రతి ఏడాది సెప్టెంబర్ 28న ప్రపంచ రేబిస్ దినం అంటూ మన గ్రూపుల్లో పోస్టర్లు తిరుగుతాయి. ఒక కుక్క బొమ్మ, ఒక సిరంజి బొమ్మ, కింద నినాదం. చూసి పైకి జరిపేస్తాం. ఆ తేదీయే ఎందుకంటే, 1895లో అదే రోజు లూయీ పాశ్చర్ చనిపోయాడు. పాల ప్యాకెట్ మీద పాశ్చరైజ్డ్ అని మనం రోజూ చదివేది ఆయన పేరే.

మాది గోపాల్‌పేట, వనపర్తి జిల్లా. మా దిక్కు కుక్క కరిస్తే ముందు కారం అద్దేవాళ్ళు, పసరు కట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దవాఖాన సంగతి తర్వాత. ఆ 'తర్వాత' ఎంత ఖరీదైన మాటో పాశ్చర్ జీవితం చదువుతుంటే తెలుస్తుంది. అందుకే ఈసారి మన పత్రికకు ఆయన గురించి రాస్తున్నాను.

పాశ్చర్ 1822 డిసెంబర్ 27న ఫ్రాన్స్‌లోని డోల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి వచ్చి, తోళ్ళు శుద్ధి చేసుకుని బతికేవాడు. పిల్లవాడు పెరిగింది ఆర్బ్వా అనే చిన్న ఊళ్ళో. చదువులో మరీ మెరిక కాదు గానీ బొమ్మలు బాగా వేసేవాడు. అతనికి ఎనిమిదేళ్ళ వయసులో, 1831లో, పిచ్చిపట్టిన తోడేలు ఒకటి ఆ చుట్టుపక్కల జనం మీద పడింది. అప్పటి వైద్యం ఏందంటే, కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయానికి వాతలు పెట్టడం. అంత బాధపడినా చాలామంది బతకలేదు. మన ఊళ్ళలో కారం, అక్కడ కాల్చిన ఇనుము. భయం మాత్రం ఒకటే.

పాశ్చర్ డాక్టర్ కాడు. ఈ సంగతి మనలాంటి వాళ్ళం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఆయన కెమిస్ట్. 1848లో, ఇరవై ఐదేళ్ళ వయసులో, టార్టారిక్ ఆమ్లం లవణాల స్ఫటికాల్లో కుడి ఎడమల తేడా కనిపెట్టాడు. మన కెమిస్ట్రీ పుస్తకంలో ఐసోమర్ల పాఠం అక్కడ మొదలవుతుంది. స్ఫటికాల నుంచి పులియడం మీదికి, అక్కడి నుంచి సూక్ష్మజీవుల మీదికి, పట్టుపురుగుల తెగులు మీదికి వెళ్ళాడు. ఇంట్లో మాత్రం దెబ్బ మీద దెబ్బ. ఐదుగురు పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు, వాళ్ళలో ఇద్దరిని టైఫాయిడ్ తీసుకుపోయింది. 1868లో, నలభై ఐదేళ్ళకే పక్షవాతం వచ్చి ఎడమవైపు దెబ్బతింది. రేబిస్ మీద ఆయన చేసిన పనంతా ఆ తర్వాతిదే.

1880 చివర్లో రేబిస్ పని మొదలైంది. అప్పటికే కోళ్ళ కలరాకు, తర్వాత ఏడాది పశువుల ఆంత్రాక్స్‌కు టీకాలు చేసి చూపించాడు. అక్కడ పద్ధతి సులువు. సూక్ష్మజీవిని సీసాలో పెంచు, బలహీనం చెయ్యి, టీకాగా వాడు. రేబిస్ దగ్గర ఆ దారి మూసుకుపోయింది. సూక్ష్మదర్శినిలో ఏమీ కనపడదు. సీసాలో ఏమీ పెరగదు. రేబిస్ వైరస్‌ను కంటితో చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే పాశ్చర్ తన శత్రువును జీవితంలో ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కుక్క కరిచాక జబ్బు ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం. కొన్ని వారాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు. ఇన్‌పుట్ ఇస్తే అవుట్‌పుట్ ఎప్పుడొస్తుందో తెలియని ప్రయోగాన్ని ఎట్లా నడపాలి? దారి చూపించింది ఆయన సహాయకుడు ఎమిల్ రూ. జబ్బు ఉన్న జంతువు మెదడు పదార్థాన్ని తీసుకుని, మత్తిచ్చిన జంతువు పుర్రెకు చిన్న రంధ్రం చేసి, నేరుగా మెదడు మీదికి ఎక్కించారు. ప్రతిసారీ జబ్బు వచ్చింది, అదీ రెండు మూడు వారాల్లోనే.

అసలు కథ ఇక్కడుంది. 1882 నుంచి ఒక కుందేలు మెదడు నుంచి ఇంకో కుందేలుకు, దాని నుంచి మరో దానికి వైరస్‌ను మారుస్తూ పోయారు. మొదటి కుందేలుకు జబ్బు రావడానికి సుమారు పదిహేను రోజులు పట్టింది. ఇరవై, ఇరవై ఐదు మార్పుల తర్వాత ఎనిమిది రోజులకు దిగింది. ఇంకొన్ని మార్పుల తర్వాత ఏడు రోజుల దగ్గర నిలిచిపోయింది. తొంభైసార్లు మార్చినా అదే ఏడు. వీధి కుక్కల్లో తిరిగే దాన్ని వీధి వైరస్ అని, ఇట్లా నిలకడకు వచ్చిన దాన్ని స్థిర వైరస్ అని పిలిచారు. అదే పనిని కోతుల్లో చేస్తే వైరస్ బలం తగ్గుతూ వచ్చింది. అంటే వైరస్ రాయిలాంటిది కాదు. ఏ జంతువులో పెరిగితే దానికి తగ్గట్టు మారుతుంది. జన్యువు అంటే ఏంటో ఎవరికీ తెలియని రోజుల్లో, రోజులు లెక్కపెట్టి కనిపెట్టిన సంగతి ఇది.

ఆ స్థిర వైరస్‌తో చచ్చిన కుందేలు వెన్నుపామును తీసి, అడుగున పొటాష్ వేసిన సీసాలో వేలాడదీసి ఎండబెట్టారు. రోజులు గడిచేకొద్దీ దాని విషం తగ్గుతుంది. రెండు వారాలు ఎండిన దానితో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజా దానివైపు రావడమే టీకా. కరిచిన చోటు నుంచి వైరస్ నరాల వెంబడి మెదడుకు మెల్లగా పాకుతుంది. ఆలోపు శరీరాన్ని సిద్ధం చేస్తే గెలుపు మనది. కరిచాక కూడా టీకా పనిచేయడంలోని రహస్యం ఇదే.

1885 జూలై 6న అల్సాస్ నుంచి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడిని వాళ్ళమ్మ తీసుకొచ్చింది. రెండు రోజుల కిందట కుక్క ఒళ్ళంతా కరిచింది. పాశ్చర్‌కు సూది వేసే అధికారం లేదు, డాక్టర్ గ్రాంషే వేశాడు. పది రోజుల్లో పదమూడు సూదులు. పిల్లవాడు బతికాడు. పెద్దయ్యాక పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోనే కాపలాదారుగా పనిచేశాడు.

కథ ఇక్కడ ఆపితే చప్పట్లే. కానీ పాశ్చర్ తన నోట్‌బుక్‌లు బయటి వాళ్ళకు చూపించొద్దని ఇంట్లో చెప్పిపోయాడు. 1964లో మనవడు వాటిని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయానికి ఇచ్చాడు. చరిత్రకారులు చదివితే కొన్ని సంగతులు బయటపడ్డాయి. మైస్టర్‌కు ముందే ఇంకో ఇద్దరి మీద టీకా ప్రయత్నించారు. వాళ్ళలో పదకొండేళ్ళ అమ్మాయికి అప్పటికే లక్షణాలు వచ్చేశాయి, ఆమె చనిపోయింది. మైస్టర్‌కు వాడిన పద్ధతిని కుక్కల మీద పరీక్షించడం అప్పటికి పూర్తికానే లేదు. రూ ఆ పిల్లవాడి వైద్యంలో పాలుపంచుకోలేదు.

టెస్టింగ్ పూర్తికాకుండా ఏదీ బయటికి వదలొద్దని మనకు మొదటి సంవత్సరం నుంచీ చెప్తున్నారు. ఆ లెక్కన పాశ్చర్ చేసింది తప్పే. మరి ఆ తల్లిని వెనక్కి పంపి, పరీక్షలు అయ్యాక రమ్మంటే? రేబిస్ లక్షణాలు వస్తే చావు దాదాపు ఖాయం. నేనైతే ఆయన సూది వేయించడాన్ని సమర్థిస్తాను, దాచిపెట్టడాన్ని సమర్థించను. చనిపోయిన అమ్మాయి గురించి కూడా అప్పుడే చెప్పి ఉంటే, ఆలస్యం అయితే టీకా పనిచేయదన్న పాఠం లోకానికి ముందే అందేది. అదే ఏడాది, కరిచిన 37 రోజుల తర్వాత తీసుకొచ్చిన లూయిజ్ పెలెతియే అనే పదేళ్ళ పిల్ల బతకలేదు. 1886లో రష్యా నుంచి తోడేలు కాటుతో వచ్చిన 19 మందిలో మాత్రం 16 మంది బతికి ఇంటికి వెళ్ళారు. 1888లో విరాళాలతో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరుచుకుంది.

మన దేశంలో ఆ తర్వాత చాలా ఏళ్ళు గొర్రె మెదడుతో చేసిన సెంపుల్ టీకా నడిచింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన తాతలు భయపెట్టేది దాని గురించే. కొందరికి ఆ టీకాతోనే నరాల జబ్బు వచ్చేది. 2004 చివరికల్లా దాని తయారీ ఆగిపోయింది. ఇప్పుడు సూదులు చేతికి, నాలుగైదు విడతల్లో అయిపోతాయి, మధ్యలో ఖాళీలు ఉంటాయి అంతే.

నన్ను కదిలించిన ఆఖరి సంగతి చెప్పి ముగిస్తాను. మన హైదరాబాద్ కంపెనీ తయారుచేసే అభయ్‌రాబ్ టీకా పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఎల్. పాశ్చర్ 2061 అని ఉంటుంది. 1882లో పాశ్చర్ ల్యాబ్‌లో ఒక ఆవు మెదడు నుంచి తీసి, కుందేళ్ళలో 2061 సార్లు మార్చిన వైరస్ వంశం అది. దాన్ని ఇప్పుడు ప్రయోగశాల కణాల్లో పెంచి, చంపి, శుద్ధిచేసి ఇస్తున్నారు. మన వీధుల్లో తిరిగే వైరస్‌ల జన్యుక్రమం దానికి కొంత వేరు. అయినా దాని మీద నేర్చుకున్న శరీరం వీటినీ గుర్తుపడుతుంది.

కాబట్టి కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, పసరు ఏదీ పెట్టొద్దు. ఆ రోజే దవాఖానకు వెళ్ళండి. గాయం లోతుగా ఉంటే, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలేమో డాక్టర్‌ను అడగండి. వేసుకోవాల్సిన సూదులన్నీ వేసుకోండి, రెండిటికే ఆపొద్దు. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఇంట్లో అవ్వకు, తాతకు ఈ నాలుగు మాటలు చెప్పండి. పోస్టర్ ఫార్వర్డ్ చేయడం కన్నా అది మేలు.