ఎడారి పట్టణమున దోమల నణచిన రొనాల్డు రాస్

ఎడారియందు దోమలేమి యని చదువరులు శంకింపవచ్చును. ఇసుకలో దోమ పుట్టదు. పొడిగాలిలో చిరకాలము బ్రతుకదు. నిజమే. కాని ఎడారిలో ఇల్లు గట్టుకొన్న మనుష్యుడు తనతోగూడ నీటిని దెచ్చుకొనును. ఆ నీటి వెంట దోమయు వచ్చును. దానిని దెచ్చినవాడు మనుష్యుడే గనుక వెడలగొట్ట గలవాడును మనుష్యుడే యని యొక పట్టణమందు ఋజువు చేసి చూపినవాడు సర్ రొనాల్డు రాస్. మలేరియా రహస్యమును సికింద్రాబాదున గనిపెట్టినవాడుగా ఆయనను మనవారెఱుగుదురు. ఈజిప్టు ఇసుకలో ఆయన చేయించిన పని నెఱిగినవారు తక్కువ.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమగు అల్మోరాలో జన్మించెను. మీరట్టున సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే యైనది. తండ్రి ఇండియా సైన్యమున నధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండునకు బంపిరి. ఆతనికి చిత్రలేఖనము, కవిత్వము, గణితము ప్రియములు; వైద్యము కాదు. తండ్రి కోరికవలన వైద్యము చదివి 1881లో ఇండియను మెడికల్ సర్వీసున జేరెను.

1883లో బెంగుళూరున దండు వైద్యుడుగా నున్నప్పుడు ఆతని బంగళాలో దోమలు మెండుగా నుండెడివి. తక్కిన గదులకంటె తన గదిలోనే యెక్కువగా నుండుట జూచి కారణము వెదకగా, కిటికీ వెలుపలనున్న నీటి తొట్టిలో దోమల పిల్లపురుగులు గిలగిల లాడుచు గనబడెను. తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గిపోయెను. సంతోషముతో ఈ సంగతి పటాలపు అడ్జుటెంటుతో జెప్పి, భోజనశాల చుట్టునున్న తొట్లను గూడ బోర్లింప ననుమతి గోరగా ఆయన యొప్పుకొనలేదు. దోమలను సృష్టించుటకు దేవుని కేదో యుద్దేశముండును, మనము సహింపవలెనని ఆయన వాదము. దోమలవలన జ్వరము వచ్చునని అప్పటికి రాస్ కును దెలియదు. అయినను తరువాత నాతడు పట్టణములలో జేయించిన పనికి బీజమా తొట్టియే.

1894లో లండనునందు పాట్రిక్ మాన్సన్ అను పండితుడు మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో జూపి, దోమకును ఆ క్రిమికిని సంబంధముండవచ్చునని రాస్ నకు బోధించెను. మరుసటి సంవత్సరము రాస్ సికింద్రాబాదునకు వచ్చి, రెండేండ్లు వందలకొలది దోమలను గోసి పరీక్షించెను. ఏమియు దొరకలేదు, ఆతడు పరీక్షించుచున్నది తగిన జాతి దోమ కాకపోవుటయే కారణము. 1897 వేసగియందు పంకా లాగించిన దోమలెగిరిపోవునని యుక్కలోనే కూర్చుండెడివాడు. నుదుటి చెమటవలన సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెనట. ఆగస్టున మచ్చల రెక్కలు గల దోమలు కొన్ని చేజిక్కెను. హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుని వానిచే గుట్టించి, దోమ కొక అణా చొప్పున ఆతనికిచ్చెను. ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ యొకదాని జీర్ణకోశము గోడలో నల్లని రేణువులు గల కణములు కనబడెను. అవి మలేరియా క్రిములు. ప్రపంచ వైద్యచరిత్రలో హుస్సేన్ ఖాన్ పేరు నిలిచినది గాని, ఆతనికి ముట్టినవి కొలది అణాలే.

అంతలో బదిలీ. పరిశోధన మధ్యలో నున్నవానిని ప్రభుత్వమువారు రాజపుత్రస్థానములోని ఖేర్వారాకు బంపిరి. 1898లో కలకత్తాకు జేరి, అచ్చట పక్షులకు వచ్చు మలేరియాను పరీక్షించి, క్రిమి దోమ లాలాజల గ్రంథులను జేరుటయు, కుట్టుటద్వారా నితర ప్రాణికి సోకుటయు రాస్ నిరూపించెను. 1899లో ఉద్యోగము వదలి లివర్పూలునందు ఉపాధ్యాయుడయ్యెను. మానవులలో ఆ క్రిమి జీవితక్రమము నిరూపించిన ఇటలీ పండితుడు గ్రాస్సీతో కీర్తికై సాగిన కలహము జీవితాంతము విడువలేదు. రాస్ తగవులమారి యను మాట దాచవలసినది కాదు.

ఇక ఇస్మాయిలియా. సూయజు కాలువకు నడుమ, తింసా సరస్సు నొడ్డున, 1863లో వెలసిన పట్టణమది. నలుదెసల నెడారి. కాలువ కంపెనీ ఉద్యోగులకు నివాసస్థానము. నైలునది నుండి మంచినీటి కాలువను ద్రవ్వి తెచ్చిరి. తోటలు పెరిగెను, చెట్లు నీడనిచ్చెను. ఆ నీరే యూరి యొడ్డున పల్లములలోనికి ఊటగా దిగి లోతులేని చిత్తడి మడుగులై నిలిచెను. 1877 మొదలు మలేరియా ప్రబలి కొలది యేండ్లలో ఊరంతయు వ్యాపించెను. కొన్నివేలమాత్రమే జనులుగల యూరిలో 1902లో లెక్కకు వచ్చిన జ్వరములు 1551.

ఆ సంవత్సరము సెప్టెంబరులో కంపెనీవారి కోరికపై రాస్ అచ్చటికి వచ్చెను. కొలది దినములు తిరిగి చూచినంతనే ఆతనికి రెండు సంగతులు తేటపడెను. జ్వరము దెచ్చు అనాఫిలీస్ జాతి దోమలు ఊరి వెలుపలి చిత్తడి మడుగులలో మాత్రమే పుట్టుచున్నవి. ఇండ్లలో నిదుర చెఱచు సామాన్యపు దోమలు ఇండ్ల క్రిందనున్న మురుగుగుంటలలో బుట్టుచున్నవి. మరియొకచోట నైనచో వాన గురిసినపుడెల్ల క్రొత్త గుంటలేర్పడి పని పెరుగును. ఎడారిలో వాన మిక్కిలి యరుదు. చుట్టును నీరు లేదు గనుక దోమలు దూరమునుండి వచ్చుటయు నరుదు. శత్రువు దాగు తావులు వ్రేళ్ల మీద లెక్కింప దగినవి.

చేసిన పనిలో వింత యేమియు లేదు. మడుగులను ఇసుకతో బూడ్చిరి. ఇసుకకు గొదువ యెక్కడిది? కాలువలలో గడ్డి గోసి, నీరు నిలువక పాఱునట్లు చేసిరి. చిన్న కూలి దళమొకటి వారమున కొకసారి ఇంటింటికి దిరిగి మురుగుగుంటలలో కిరసనాయిలు వంటి నూనె పోసెను. దోమ పిల్లపురుగు నీటిలో నుండియు గాలికై పైకి రావలసినదే. నీటిపై నూనెపొర యున్నచో ఊపిరి యాడక చచ్చును. వేసగిలో గ్రుడ్డు దోమయై యెగురుటకు ఇంచుమించు వారము, పదిదినములు పట్టును. అందుచేతనే వారమున కొకసారి యను నియమము. ఒక వారము తప్పినచో అంతకుముందు పడిన పాటంతయు వ్యర్థము. తొట్లు, కడవలు, పూలకుండీల క్రింది పళ్లెములు మొదలగు వానిలో నీరు నిలువ యుంచరాదని ఇంటివారికి జెప్పుటయు దళమువారి పనియే.

1903లో జ్వరములు 214కు దిగెను. 1904లో 90. 1905లో 37, అవియు నధికముగా పాతజ్వరము తిరుగబెట్టినవే యని కంపెనీ వైద్యులు చెప్పిరి. జనులు దోమతెరలు లేకుండ నిదురింప సాగిరి. కంపెనీవారిది కేవలము దయాధర్మ మనుకొనరాదు. ఉద్యోగులు మంచము పట్టినచో కాలువ నడవదు. లాభము నెఱిగినవారు గావున వ్యయమునకు వెనుదీయలేదు.

ఇచ్చట మన దేశపు సంగతి యొకటి చెప్పక తప్పదు. ఆ యేడే లాహోరు చెంతనున్న మియాన్‌మీరు దండునందు ప్రభుత్వమువారును దోమలపై యిట్టి ప్రయత్నమే మొదలిడిరి. అదియు కాలువల నీటితో బ్రతుకు పొడినేలయే. కాని సాగునీటి కాలువలు దండు నడుమనే పాఱుచుండెను. దోమలు తగ్గినట్లు కనబడక పోవుటచే, ఈ విధానమిచ్చట ఫలింపదని పరీక్షించిన వైద్యులు తేల్చిరి. చాలినంత ధనమును, కాలమును వెచ్చింపక విధానమును నిందించుట తగదని రాస్ మండిపడి యేండ్లతరబడి వాదించెను. ఈ తగవున మాత్రము న్యాయ మధికముగా నాతని పక్షముననే యున్నదని మా యభిప్రాయము.

1902 చివర నోబెల్ బహుమానము వచ్చెను. ఆ తరువాత రాస్ తన బాల్యపు ప్రీతియగు గణితమును దోమల మీదికి మరల్చెను. దోమలు సమూలముగా నశింప నక్కఱలేదు, జనసంఖ్యను బట్టి యొక మితికి లోబడునట్లు తగ్గించిన జాలును, జ్వరము తనంతట దానే యంతరించు నని సమీకరణములతో జూపెను. 1926లో ఆతని పేర లండనున నొక వైద్యసంస్థ వెలసెను. అందే 1932 సెప్టెంబరు 16వ తేదీన పరమపదించెను.

ఆతడెఱిగిన మడుగు దోమల కిప్పుడు ఇంటి దోమలు తోడైనవి. రాజస్థానపు థార్ ఎడారిలో వాననీరు నిలువజేయు టాంకాలయందు అనాఫిలీస్ స్టెఫెన్సీ యను మలేరియా దోమ పెరుగును. ఆ జాతియే 2012లో సముద్రము దాటి ఆఫ్రికా తీరమందలి జిబూటిలో గనబడెను. డెంగ్యూ జ్వరము దెచ్చు ఏడీస్ దోమ తొట్టి గోడలకు బెట్టు గ్రుడ్లు తడి లేకున్నను నెలలతరబడి చెడక యుండి, నీరు తగిలినంతనే పొదుగును. కావున తొట్టి బోర్లించుట యొకటే చాలదు. గోడలను పీచుతో తోమి యారబెట్టవలెను. త్రాగునీట నూనె పోయదగదు. మూత బిగించుటయో, సన్నని వల కప్పుటయో చేయవలెను.

ఈజిప్టు దేశమంతయు మలేరియా లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ధ్రువపఱచెను. ఇస్మాయిలియాలో మడుగుల పూడ్పు మొదలై అప్పటికి నూట యిరువది రెండు సంవత్సరములు.