హెరాల్డ్ గిల్లీస్: దవడ ముందు, అందం తర్వాత.. ముఖాలను మళ్లీ నిలబెట్టిన డాక్టర్ కథ ఇదీ

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప వెళ్లే హైవే మీద హెల్మెట్ లేకుండా బైక్ నడిపి పడితే దవడ విరగడం ఎంత పని! విరిగిన దవడ వంకరగా అతుక్కున్నా, పుట్టుకతోనే కింది దవడ లోపలికి పోయి ఉన్నా డాక్టర్లు ఎముకను కోసి, జరిపి, ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారు. అప్పటికీ చెంపలు చప్పిడిగా, గడ్డం చిన్నగా కనిపిస్తే లోపల ఇంప్లాంట్ పెడతారు. మరి రెండూ ఒకేసారి చేయించుకోవాలా, ఆగాలా? ఈ లెక్కను వందేళ్ల కిందే చేదు అనుభవంతో నేర్చుకున్న డాక్టర్ ఒకరున్నారు. ఆయనే సర్ హెరాల్డ్ గిల్లీస్.

గిల్లీస్ 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటూ పడవ పందేల్లో పాల్గొన్నారు. లండన్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టర్‌గా బాగానే స్థిరపడ్డారు. బొమ్మలు వేయడం కూడా వచ్చు. 1915లో యుద్ధం కోసం ఫ్రాన్స్ వెళ్లాక అంతా మారిపోయింది. అక్కడ వలాడియే అనే డెంటిస్ట్, తూటాలకు చెదిరిపోయిన దవడలను తిరిగి కూరుస్తుంటే కళ్లారా చూశారు. పారిస్‌లో మోరెస్టిన్ అనే సర్జన్ పనీ చూశారు. ఇక జీవితమంతా ఇదే పని అని నిర్ణయించుకున్నారు.

తిరిగి వచ్చి ఆల్డర్‌షాట్ మిలిటరీ ఆసుపత్రిలో ముఖ గాయాలకు ప్రత్యేక వార్డు పెట్టించారు. గాయపడ్డ వాళ్లు నేరుగా తన దగ్గరికే రావాలని సొంత డబ్బు 10 పౌండ్లతో అడ్రస్ లేబుళ్లు కొని యుద్ధభూమికి పంపించారు. 1916 జులైలో సొమ్ యుద్ధం మొదలైంది. 200 మంది వస్తారనుకుంటే దాదాపు 2,000 మంది వచ్చారు! దాంతో 1917లో సిడ్‌కప్‌లో ఏకంగా ఒక ఆసుపత్రే తెరవాల్సి వచ్చింది. అక్కడ 5 వేల మందికి పైగా సైనికులకు 11 వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వార్డుల్లో అద్దాలు పెట్టనిచ్చేవారు కాదు. బయట కొన్ని బెంచీలకు నీలం రంగు వేశారు. వాటి మీద కూర్చున్న మనిషిని చూసి ఉలిక్కిపడొద్దని ఊరి జనానికి అది హెచ్చరిక.

గిల్లీస్ ఒక్కరే చేసిన పని కాదిది. పక్కన కెల్సీ ఫ్రై అనే డెంటల్ సర్జన్ ఉండేవారు. పళ్ల వరుస కలిసేలా దవడను కట్టడం ఆయన వంతు, పైన కండ, చర్మం గిల్లీస్ వంతు. ముందు లోపలి కట్టడం సరిగ్గా ఉండాలి, ఆ తర్వాతే పైపూత అన్నది అక్కడి పద్ధతి. ఆళ్లగడ్డ శిల్పుల్లాగే దవడ సర్జన్లూ ఉలి, సుత్తి పడతారు. కాకపోతే శిల్పి అక్కర్లేని రాయిని తీసేస్తాడు. గిల్లీస్‌కు మాత్రం లేని ముక్కను ఎక్కడో తెచ్చి పెట్టడమే పని. పక్కటెముకల దగ్గరి మృదులాస్థిని తీసి ముక్కుకు దన్నుగా పెట్టేవారు. దవడలో ఖాళీని పూడ్చడానికి తుంటి ఎముక ముక్క వాడేవాళ్లు.

ముక్కు కట్టే విద్యకు మూలం మన దేశంలోనే ఉంది. గుర్రంకొండ దాకా పాకిన మూడో మైసూరు యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యానికి బండ్లు తోలే కావస్‌జీ ముక్కును టిప్పు మనుషులు కోసేశారు. తర్వాత పుణె ప్రాంతంలో ఒక నాటు వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు పెట్టాడు. 1794లో ఈ సంగతి లండన్ పత్రికలో అచ్చయింది. గిల్లీస్ నాటికి నుదుటి చర్మం వాడే ఆ పద్ధతి సర్జన్లకు బాగా తెలిసిందే.

ఆయనకు అన్నీ విజయాలే కాదు. విమాన ప్రమాదంలో ముఖమంతా కాలిన ఒక యువ పైలట్‌కు ఛాతీ మీది చర్మంతో ఒక్కసారే ముఖం మొత్తం కప్పాలని చూశారు. ఆ చర్మం కుళ్లిపోయింది. 1918లో ఆ కుర్రాడు చనిపోయాడు. ఆ దెబ్బతో గిల్లీస్ తీరే మారింది. రేపటికి వాయిదా వేయగలిగిన పనిని ఈరోజు చేయకూడదన్నది ఆయన శిష్యులకు నూరిపోసిన సూత్రం అయింది. సోమరితనంలా వినిపిస్తుంది కానీ, దాని వెనక ఒక ప్రాణం ఉంది.

1930లో సర్ బిరుదు వచ్చింది. 1940ల్లో పుట్టుకతోనే ముఖం మధ్యభాగం లోపలికి పోయిన ఒకరికి, ఆ ఎముకనంతా కోసి ముందుకు తెచ్చారు. అప్పటికి అది పెద్ద సాహసమే. ఫలితం మాత్రం ఆయనకు తృప్తినివ్వలేదు. ఆ దారిని తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన పాల్ టెస్సియే ముందుకు తీసుకెళ్లారు. ఇంప్లాంట్ విషయంలోనూ గిల్లీస్ ప్రయోగాలు ఆపలేదు. ఎద్దు మృదులాస్థిని మనుషుల ముఖంలో పెట్టి చూసి, 1951లో ఆ వివరాలు ప్రచురించారు. పరాయి జీవిది కాబట్టి అలాంటి మృదులాస్థి మెల్లగా కరిగిపోతుంది. ఆ పద్ధతి నిలవలేదు.

ఇప్పుడు సిలికాన్, పాలిథిలిన్, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో ఇంప్లాంట్లు వస్తున్నాయి. సీటీ స్కాన్ చూసి మనిషి ముఖానికి సరిపడా తయారు చేయిస్తారు. దవడ సర్జరీతో పాటే పెడితే ఒక్క మత్తుతో పని అయిపోతుంది. కానీ కోత నోటి లోపల నుంచి ఉంటుంది, అక్కడ సూక్ష్మక్రిములు ఎక్కువ. ఇన్ఫెక్షన్ వస్తే ఇంప్లాంట్ తీసేయాల్సి రావచ్చు. పైగా జరిపిన ఎముక కుదురుకుని, వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా ముఖం అసలు ఆకారమే తెలియదు. అందుకే చాలామంది సర్జన్లు ముందు దవడ సరిచేసి, కొన్నాళ్లు ఆగి, ఇంకా అవసరమైతేనే ఇంప్లాంట్ అంటారు. గడ్డం వరకైతే సొంత ఎముకనే కోసి ముందుకు జరిపే వీలుంది, ఇంప్లాంట్‌తో పనే ఉండదు. రీల్స్‌లో బిఫోర్, ఆఫ్టర్ ఫొటోలు చూసి తొందరపడే వాళ్లు ఇవన్నీ డాక్టర్‌ను అడగాలి. ఆళ్లగడ్డ వాళ్లకు కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది కదా, సలహాకు మరీ దూరం పోనక్కర్లేదు.

గిల్లీస్ మాత్రం చివరిదాకా కత్తి వదల్లేదు. 1960 ఆగస్టులో, 78 ఏళ్ల వయసులో ఒక అమ్మాయి కాలికి ఆపరేషన్ చేస్తుండగా స్ట్రోక్ వచ్చింది. సెప్టెంబర్ 10న లండన్‌లో కన్నుమూశారు.