పారేసిన టికెట్లే బొమ్మలైన వేళ

ట్రాము దిగాక టికెట్టు ఎవరికైనా చెత్తే. జర్మన్ చిత్రకారుడు కుర్ట్ ష్విట్టర్స్ మాత్రం దాన్ని ఏరి దాచుకునేవారు. ఆయన 1887 జూన్ 20న హానోవర్ నగరంలో జన్మించారు. డ్రెస్డెన్‌లో చిత్రకళ అభ్యసించారు.

మొదటి ప్రపంచయుద్ధంతో దేశం చితికిపోయింది. విరిగిన ముక్కలతోనే కొత్తవి కట్టాలని ష్విట్టర్స్ తలపెట్టారు. వీధుల్లో దొరికిన టికెట్లు, పత్రికల ముక్కలు, గుడ్డపేలికలు, తీగలు, కొయ్యముక్కలు అంటించి, రంగులద్ది బొమ్మలు చేశారు. ఒక బ్యాంకు ప్రకటనను కత్తిరించగా మిగిలిన ‘మెర్ట్స్’ అనే అక్షరాలనే 1919లో తన కళకు పేరుగా పెట్టుకున్నారు. హానోవర్‌లోని ఇంట్లో గదుల నిండా ఏళ్ల తరబడి ‘మెర్ట్స్‌బౌ’ అనే నిర్మాణం సాగించారు.

నాజీల భయంతో 1937 జనవరిలో నార్వే వెళ్లిపోయారు. ఆ ఏడాదే నాజీలు మ్యూనిక్‌లో ఆయన బొమ్మలను భ్రష్టకళ అంటూ ప్రదర్శించి హేళన చేశారు. 1940లో జర్మన్ సేనలు నార్వేపై పడడంతో బ్రిటన్ చేరారు. అక్కడ శత్రుదేశీయునిగా భావించి మాన్ దీవి శిబిరంలో నిర్బంధించారు. 1941లో విడుదలయ్యారు. 1943 బాంబుదాడిలో హానోవర్ నిర్మాణం నేలమట్టమైంది. మరుసటి ఏడాది అక్కడే ఉండిపోయిన భార్య హెల్మా కన్నుమూశారు.

అయినా ఏరడం మానలేదు. లండన్ బస్సు టికెట్లు, మిఠాయి కాగితాలు కూడా బొమ్మల్లోకి చేరాయి. 1947లో ఎల్టర్‌వాటర్ గ్రామం వద్ద ఒక కొట్టంలో మళ్లీ గోడ మొదలుపెట్టారు. అది పూర్తికాకుండానే 1948 జనవరి 8న మరణించారు. బ్రిటిష్ పౌరసత్వం మంజూరైంది ముందురోజే. ఆ గోడను 1965లో న్యూకాజిల్‌లోని హాటన్ గ్యాలరీకి తరలించి భద్రపరిచారు.