డాక్టర్ పీటర్ హెండర్సన్ బ్రైస్ గారి జీవితము

కెనడా అనగానే గోదావరి ప్రాంతపు క్రైస్తవులకు 1874లో కాకినాడలో పని ప్రారంభించిన బాప్టిస్టు మిషనెరీలు జ్ఞాపకమునకు వచ్చెదరు. ఆ దేశములో, ఆ తరములోనే, సంఘముల పేరిట జరిగిన మరియొక పని ఉన్నది. దానిని లెక్కలతో సహా లోకమునకు తెలిపిన వైద్యుని గూర్చి మనలో ఎరిగినవారు తక్కువ.

డాక్టర్ బ్రైస్ గారు 1853 ఆగస్టు 17న ఆంటారియో రాష్ట్రములోని మౌంట్ ప్లెజెంట్‌లో జన్మించారు. టొరంటోలో చదివి, 1882లో ఆ రాష్ట్ర ఆరోగ్య మండలికి మొదటి కార్యదర్శి అయ్యారు. 1900లో అమెరికన్ ప్రజారోగ్య సంఘమునకు అధ్యక్షులుగా ఉన్నారు. 1904లో కెనడా ప్రభుత్వము వారిని ఆదివాసుల వ్యవహారముల శాఖకు ప్రధాన వైద్యాధికారిగా నియమించినది.

అప్పట్లో ఆదివాసుల బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేసి బోర్డింగు బడులలో ఉంచేవారు. సొమ్ము ప్రభుత్వముది, నిర్వహణ రోమన్ కాథలిక్కు, ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ సంఘములది. మిషను బోర్డింగులలో చదివి పైకి వచ్చినవారు ఈ సంచిక చదువరులలో ఎందరో ఉన్నారు. బోర్డింగు అన్న మాట మనకు కృతజ్ఞతనే కలిగించును. అక్కడ మాత్రము అనేక బడులలో సొంత భాష మాట్లాడిన బిడ్డకు శిక్ష పడేది.

1907లో బ్రైస్ గారు మానిటోబా, సస్కాచెవాన్, ఆల్బెర్టాలలోని 35 బడులను తనిఖీ చేశారు. పడకగదులు ఇరుకు. దీర్ఘమైన చలికాలములో ఏడు నెలలు కిటికీలు మూసియే ఉండేవి, గాలి మారే దారి లేదు. ప్రభుత్వ గ్రాంటు తల ఒక్కింటికి ఇంత అని ఇచ్చేవారు గనుక, సంఖ్య తగ్గునన్న భయమున జబ్బు బిడ్డలను కూడ చేర్చుకొనేవారు. ఒక్క క్షయరోగి చాలును గది అంతటికి. బ్రైస్ గారు బడులకు ప్రశ్నలు పంపగా 15 బడులే జవాబిచ్చినవి. ఆ జవాబులలో చేరిన 1,537 మంది పిల్లలలో ఇంచుమించు నూటికి 24 మంది చనిపోయి ఉన్నారు. లెక్కలు సరిగా ఉంచిన ఒక బడిలో, చదివి వెళ్లిన వారిలో నూటికి 69 మంది లేరు.

ఈ సంగతులు ఆ నవంబరులో ఒట్టావా పత్రికలకెక్కినవి. కాని వారి సిఫారసులను ప్రభుత్వము ప్రచురింపలేదు. 1909లో మరల ఆల్బెర్టాలోని 8 బడులలో 243 మంది పిల్లలను పరీక్షించి, బడులను ప్రభుత్వమే పూర్తిగా చేపట్టి నడపవలెనని వ్రాశారు. ఖర్చు ఎక్కువ, సంఘములు ఒప్పుకొనవు అని శాఖలోని డంకన్ కాంప్‌బెల్ స్కాట్ గారు త్రోసివేశారు. ఈ స్కాట్ గారు పేరుగాంచిన కవి. 1913లో ఆయన శాఖాధిపతి అయిన తరువాత బ్రైస్ గారి వార్షిక నివేదికలే అవసరము లేకపోయినవి.

1921లో బ్రైస్ గారిని ఉద్యోగమునుండి విరమింపజేశారు. మరుసటి యేడు ఒక జాతీయ నేరపు కథ అనే పేరుతో చిన్న పుస్తకమును అచ్చువేసి 35 సెంట్లకు అమ్మించారు. లక్షా అయిదు వేలమంది ఆదివాసుల క్షయనివారణకు 10,000 డాలర్లు కేటాయింపగా, దాదాపు అంతే జనాభాగల ఒట్టావా నగరము క్షయరోగులకే 33,000 డాలర్లకు పైగా ఖర్చుచేసినదని అందులో చూపారు. కొత్త ఆరోగ్య శాఖలో తమకు రావలసిన పదవి రాలేదన్న నొప్పియు ఆ పుస్తకములో కనిపించును, దాచనేల? బడులనే ఎత్తివేయవలెనని కూడ వారు అనలేదు. అయినను ఆ అంకెలను ఎవరును కాదనలేకపోయిరి.

పుస్తకము వచ్చినను బడులు మూతపడలేదు. 1932 జనవరి 15న వెస్టిండీసుకు ఓడలో పోవుచు బ్రైస్ గారు మరణించారు. చివరి బడులు మూతపడినది 1990 దశకములోనే. కెనడా ఆంగ్లికన్ సంఘము 1993లోను, ప్రభుత్వము 2008లోను ఆదివాసులను క్షమాపణ వేడుకొన్నవి.

బ్రైస్ గారి సమాధి ఒట్టావాలోని బీచ్‌వుడ్ శ్మశానవాటికలో ఉన్నది. 2015లో అక్కడ వారి స్మారక ఫలకమును ఆవిష్కరించారు. స్కాట్ గారి సమాధియు ఆ ఆవరణలోనే ఉన్నది. అదే యేడు ఆయన ఫలకమును మార్చి, కవి అన్న మాటతో బాటు ఆ బడుల సంగతి కూడ చేర్చారు.