రుడాల్ఫు డీజిలు

సికింద్రాబాదు స్టేషనునందు పెక్కేండ్లు రైళ్లను లాగిన డీజిలు ఇంజనులకు పేరిచ్చిన మహనీయుని చరితమును మేమిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1858వ సంవత్సరమున పారిసునగరమున జర్మను దంపతులకు జన్మించెను. 1870 యుద్ధమువలన ఆ కుటుంబము నగరము విడిచెను. బాలుడు ఆగ్స్‌బర్గున బంధువులయింట నుండి చదివి, మ్యూనికున విద్య ముగించెను.

ఆవిరియంత్రము బొగ్గునందలి శక్తిని మిక్కిలి వ్యర్థపఱచుచుండెను. గాలిని గట్టిగా నొత్తినచో నది వేడెక్కి, నిప్పురవ్వ లేకయే నూనెను మండించునని ఈయన తలచెను. కాని నూనెను తగుపాటిగ లోనికి జిమ్ముట కష్టమయ్యెను. ఎక్కువైన నల్లని పొగ, తక్కువైన బలహీనత. 1893లో పరీక్షయందు యంత్రభాగమొకటి ప్రేలగా, ప్రాణాపాయము తృటిలో తప్పెను. అయినను విడువక, ఒత్తిన గాలితో నూనెను జిమ్మించి, 1897లో జయమొందెను. ఇంధనశక్తిలో నూటికి 26 పాళ్లు పనికివచ్చెను. 1900 పారిసు ప్రదర్శనమున అట్టి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచెను.

అప్పులపాలై, 1913లో ఓడప్రయాణమున అదృశ్యుడై, సముద్రమున మృతినొందెను. 1927లో బాష్ కంపెనీవారి పంపు గాలిసాయము లేకయే నూనెను కొలిచి జిమ్మసాగెను.

నేడు మోటారుకు బలము పెంచగోరువారును, అది పీల్చు గాలికి తగిన ఇంజెక్టరునే యెన్నుకొనవలెను. పెద్దదే మేలనుట పొరపాటు. విద్యార్థులారా! శక్తికి మూలము సమృద్ధి కాదు, తగిన కొలతయే యని ఈ చరితమువలన మేము గ్రహించితిమి.